ఆక్సిజన్ సెన్సర్ మర చెడిపోతే



కారు ఇంజను నుంచి పొగను బయటికి తీసుకుపోయే గొట్టం మీద, ఇంజనుకు దగ్గరలో, స్పార్కు ప్లగ్గును పోలిన వస్తువు ఒకటి బిగించి ఉంటుంది. దాని తలలోంచి తీగలు బయటికి వస్తాయి, సాధారణంగా నాలుగు. దాన్నే ఆక్సిజన్ సెన్సర్ అంటారు. అది పాడైతే కొత్తది కొని బిగించుకోవచ్చు. చిక్కంతా పాతదాన్ని విప్పేటప్పుడు వస్తుంది. పానా వేసి తిప్పితే కీచుమంటూ రెండు మూడు చుట్లు కదులుతుంది, ఆ తర్వాత బిగుసుకుంటుంది, ఇంకాస్త బలం పెడితే ఒక్కసారిగా వదులై ఊడి వస్తుంది. చేతికి వచ్చిన సెన్సర్ మీద తళతళలాడే లోహపు పేలికలు చుట్టుకుని ఉంటాయి. అవి సెన్సర్‌వి కావు, గొట్టంవి. కొత్త సెన్సర్‌ను ఆ రంధ్రంలో పెడితే అది పట్టు దొరక్క ఊరికే తిరుగుతుంది. అప్పుడు మెకానిక్ నోట వచ్చే మాట దాదాపు ఒక్కటే: "మర పోయింది సార్, పైపు మొత్తం మార్చాలి."

ఆ మాటకు వెంటనే తల ఊపకండి. పోయింది మర మాత్రమే, గొట్టం కాదు. మర ఎంత మేరకు పోయిందో చూసి, దానికి తగిన బాగుచేత చేయించుకుంటే చాలా బళ్లలో గొట్టం మార్చే పని ఉండదు. పైగా ఇప్పటి కార్లలో చాలావాటికి పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా ఆ గొట్టంతోనే కలిసి ఉంటుంది. దానిలో ప్లాటినమ్, పల్లాడియమ్, రోడియమ్ లాంటి విలువైన లోహాల పూత ఉంటుంది. సెన్సర్ కొనడానికి వెళ్లినవాడు సెన్సర్‌కు ఎన్నో రెట్లు ఖరీదైన కన్వర్టర్ కొనుక్కుని రావలసి వస్తే, అద్దెకు కారు తిప్పుకుని బతికేవాడికి అది ఎన్ని నెలల సంపాదనో మీరే లెక్కవేయండి.

ముందుగా ఒక మాట. నేను మర అంటున్నది బోల్టు మీదా, నట్టు లోపలా మెలికలుగా ఉండే గాళ్లను. హోసూరు, కృష్ణగిరి వైపు తమిళంలో మరై అంటారు, మన మాటకు దగ్గరి చుట్టమే. సోలాపూర్ వైపు మరాఠీలో ఆటే అంటారు. హిందీలో చూడీ, అంటే గాజు. బళ్లారిలోనూ, బరంపురంలోనూ, యానాంలోనూ వర్క్‌షాపుకి వెళ్లి త్రెడ్డు అంటే చాలు. సెన్సర్ కూర్చోవడానికి గొట్టానికి అతికించిన లావుపాటి ఉంగరంలాంటి ముక్క ఒకటి ఉంటుంది, దాని లోపలే మర ఉంటుంది. ఈ ప్రసంగంలో దాన్ని నట్టు అనే అందాం.

ఈ సెన్సర్ పనేమిటో తెలిస్తే దాని మర గురించి ఇంత చర్చ ఎందుకో అర్థమవుతుంది. దీన్ని బాష్ కంపెనీ తయారుచేయగా 1976లో వోల్వో కార్లలో మొదటిసారి వాడారు. దాని మొనలో జిర్కోనియా అనే పింగాణీ పదార్థం ఉంటుంది. అది సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కినప్పుడు, ఒకవైపు పొగలోని ఆక్సిజన్‌కూ మరొకవైపు బయటి గాలిలోని ఆక్సిజన్‌కూ ఉన్న తేడాను బట్టి చిన్న విద్యుత్తును పుట్టిస్తుంది. పెట్రోలు ఎక్కువై పొగలో ఆక్సిజన్ తగ్గితే సుమారు 0.9 వోల్టు, పెట్రోలు తక్కువై ఆక్సిజన్ మిగిలితే సుమారు 0.1 వోల్టు. ఇంజను కంప్యూటర్ ఈ రెంటి మధ్య కదలికను చూస్తూ పెట్రోలును సరిదిద్దుకుంటుంది. ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి, తూకంలో. అదీ లక్ష్యం. సెన్సర్ చూపేది పొగలోని ఆక్సిజన్‌నే కాబట్టి, బయటి గాలి ఏ కాస్త సందులోంచి లోపలికి వచ్చినా అది మోసపోతుంది.

గొట్టంలోంచి పొగ బయటికే కదా తోసుకువస్తుంది, గాలి లోపలికి ఎలా వెళుతుందని మీరు అడగవచ్చు. పొగ ఏకధారగా పోదు. సిలిండరు సిలిండరుకూ ఒక్కొక్క తోపుగా, గుండె కొట్టుకున్నట్టు పోతుంది. ఒక తోపు ముందుకు పోయాక దాని వెనక క్షణకాలం ఒత్తిడి పడిపోతుంది. ఆ క్షణంలో సందు ఉంటే బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్ ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూసి "పెట్రోలు చాలడం లేదు" అని కబురు పంపుతుంది. కంప్యూటర్ నమ్మి పెట్రోలు పెంచుతుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ కాలుతుంది. కన్వర్టర్ లోపల తేనెపట్టులా ఉండే పింగాణీ దిమ్మ ఆ వేడికి కరిగి ముద్ద కూడా కావచ్చు. మర మీద ఒక పూట పని మిగుల్చుకుందామని వదులుగా బిగించిన సెన్సర్ చివరికి ఇక్కడికి తెస్తుంది. సందులోంచి బయటికి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ మరో ప్రమాదం. దానికి వాసన లేదు, రంగు లేదు. కారు అడుగున రంధ్రాలుంటే, అద్దాలు మూసుకుని కూర్చున్నవారి దాకా రాగలదు.

మర ఎందుకు చెడుతుంది? ఎర్రబడేంత వేడి, వెంటనే చల్లదనం, మళ్లీ వేడి. ఏళ్ల తరబడి ఇదే వరస. సెన్సర్ ఒక లోహం, నట్టు మరొక లోహం కావచ్చు, అవి సాగడం, ముడుచుకోవడం ఒకే తీరుగా ఉండదు. తుప్పు ఈ రెంటినీ జిగురులా కలిపేస్తుంది. రెండూ స్టెయిన్‌లెస్ ఉక్కే అయితే తుప్పు తక్కువ గాని ఇంకో జబ్బు ఉంది. బిగువుగా రాసుకున్నప్పుడు ఒకదాని పైపొర మరొకదానికి అంటుకుపోయి పీలికలుగా లేస్తుంది. యానాం, గోపాల్‌పూర్ లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల తుప్పు త్వరగా పడుతుంది. బళ్లారి, హోస్పేట రోడ్ల మీద తిరిగే బళ్లకు ఖనిజపు దుమ్ము తడిసి గట్టిపడి నట్టు చుట్టూ పేరుకుంటుంది. ఆ మట్టిని వైరు బ్రష్షుతో గీకకుండా విప్పితే ఆ ఇసుకరేణువులే మరలో పడి దాన్ని కోసేస్తాయి.

కాబట్టి బాగుచేత కంటే ముందు విప్పడం గురించి చెప్పాలి. సగం మరలు ఇక్కడే పోతాయి. ముందు రోజు రాత్రి, బండి చల్లగా ఉన్నప్పుడు, నట్టు చుట్టూ శుభ్రంచేసి తుప్పును వదిలించే నూనె వేయండి. నాలుగైదు గంటలు దాన్ని ఇంకనివ్వాలి. మర్నాడు ఇంజను కొద్ది నిమిషాలు తిప్పి గొట్టం బాగా వెచ్చబడ్డాక ఆపి, అప్పుడు విప్పండి. వెచ్చని నట్టు కొంచెం సాగి పట్టు సడలుతుంది. తోలు చేతొడుగులు లేకుండా చేయి పెట్టవద్దు. బండి కింద దూరే పని అయితే జాకీ ఒక్కదాన్నే నమ్మవద్దు, గట్టి స్టాండ్లు పెట్టాలి. సెన్సర్ తీగల ప్లగ్గును ముందే ఊడదీయాలి, లేకపోతే తిప్పుతున్నకొద్దీ తీగలు మెలిపడి తెగుతాయి.

చాలా కార్ల సెన్సర్లకు 22 మిల్లీమీటర్ల పానా పడుతుంది. తీగ పట్టడానికి పక్కన గాడి ఉన్న సాకెట్లు దీనికోసమే దొరుకుతాయి. కాని ఆ గాడి వల్ల సాకెట్ మొండి సెన్సర్ మీద విచ్చుకుంటుంది, మూలలు గుండ్రబడతాయి. పాత సెన్సర్ ఎలాగూ పారేసేదే అయితే తీగలు కత్తిరించి, ఆరు మూలల నిండు సాకెట్ వేయడమే మేలు. తిప్పేటప్పుడు ఒకే దిక్కుకు లాగవద్దు. పావు చుట్టు విప్పి, బిగుసుకుంటే కాస్త వెనక్కి బిగించి, నూనె వేసి, మళ్లీ విప్పాలి. కీచుమన్న ప్రతిసారీ ఆగాలి. ఆ కీచు మర చిరుగుతున్న చప్పుడు. నేను చూసిన మెకానిక్కుల్లో ఓపికస్తులు ఈ ఒక్క పనికి అరగంట తీసుకుంటారు, అందుకు వారిని తొందరపెట్టే యజమానులే ఎక్కువ. అప్పటికీ కదలకపోతే గ్యాసు మంటతో నట్టును మసక ఎరుపు వచ్చేదాకా వేడిచేసి, ఎరుపు తగ్గాక తిప్పాలి. మంట పెట్టాలంటే నూనె తుడిచేసి, దగ్గరలో పెట్రోలు గొట్టాలు, రబ్బరు, తీగలు లేకుండా చూసుకోవాలి. ఇది ఇంటి దగ్గర చేయవలసిన పని కాదు.

ఇక సెన్సర్ వచ్చేసింది, మర దెబ్బతింది అనుకుందాం. ముందు చేయవలసింది లెక్క. టార్చి వేసి, చిన్న అద్దం పెట్టి నట్టు లోపల చూడండి. ఈ మర చాలా కార్లలో 18 మిల్లీమీటర్ల వ్యాసం, చుట్టుకూ చుట్టుకూ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్ల దూరం. పది పన్నెండు మిల్లీమీటర్ల లోతున్న నట్టులో ఏడెనిమిది చుట్లు పడతాయి. ఎన్ని చెక్కుచెదరకుండా ఉన్నాయి? పైన ఒకటి రెండు చుట్లు నలిగి లోపలివి బాగుంటే అది చిన్న గాయం. సగానికి పైగా నున్నబడిపోతే పెద్దది. రంధ్రమే అండాకారంగా సాగినా, నట్టు పగిలినా, గొట్టానికి నట్టు అతికిన చోట బీటలున్నా ఇక ఆ నట్టును నమ్ముకోకూడదు. పాత సెన్సర్‌ను కూడా పక్కన పెట్టుకోండి. దాని మర మీద చుట్టుకున్న పీలికను బట్టి ఎన్ని చుట్లు ఊడివచ్చాయో తెలుస్తుంది.

చిన్న గాయానికి మరను శుభ్రపరిస్తే సరిపోతుంది. దీనికి 18 ఇంటూ ఒకటిన్నర ట్యాప్ కావాలి. ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి కాగితం మీద రాసుకోండి. వర్క్‌షాపు పెట్టెలో మామూలుగా ఉండే 18 మిల్లీమీటర్ల ట్యాప్‌కు చుట్ల మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లు. అది ముతక మర. మనకు కావలసింది సన్న మర. చూపుకు రెండూ ఒకలాగే లావుగా ఉంటాయి. పొరపాటున ముతకది దింపితే మిగిలిన మంచి చుట్లు కూడా గల్లంతవుతాయి. ట్యాప్‌ను ముందుగా కొత్త సెన్సర్ మర పక్కన ఆనించి చూడండి. పళ్లు పళ్ల మధ్య కూర్చుంటేనే అది మనది. పాత కాలపు 18 మిల్లీమీటర్ల స్పార్కు ప్లగ్గుల మర కూడా ఇదే కొలత. కాబట్టి ఆ ప్లగ్గు రంధ్రాలను శుభ్రంచేసే ట్యాప్ ఏ పాత వర్క్‌షాపులోనో దొరికితే అది నిక్షేపంగా పనికివస్తుంది. కోలారు బంగారు గనుల పట్టణంలాంటి చోట్ల పాత ఫిట్టర్ల పెట్టెల్లో ఇలాంటి పనిముట్లు ఇంకా కనబడతాయి.

ట్యాప్ గాళ్లలో చిక్కని గ్రీజు దట్టించాలి. రాలిన లోహపు పొడి ఆ గ్రీజుకు అంటుకుని బయటికి వస్తుంది, లేకపోతే గొట్టంలోకి, అక్కడినుంచి కన్వర్టర్‌లోకి పోతుంది. మొదట్లో ట్యాప్‌ను చేత్తో, నిటారుగా పెట్టి, విప్పే దిక్కుకు మెల్లగా తిప్పండి. ఒకచోట అది టక్కున కిందికి దిగుతుంది. అది పాత మర మొదలయ్యే చోటు. అక్కడినుంచి బిగించే దిక్కుకు తిప్పితే పాత దారినే పట్టుకుంటుంది. అరచుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. రెండు చుట్లకోసారి తీసి, తుడిచి, గ్రీజు మార్చాలి. ట్యాప్ వాలిపోతే కొత్త దారి కోస్తుంది, అదే మరొక చావు. పై చుట్లు బాగా నలిగి ట్యాప్‌కు దారే దొరక్కపోతే ఇంకో పనిముట్టు ఉంది. దాన్ని ముడుచుకున్న స్థితిలో రంధ్రంలో నుంచి లోపలికి దించి, అక్కడ విప్పారేలా చేసి, లోపలి మంచి చుట్లను పట్టుకుని బయటికి తిప్పుకుంటూ వస్తారు. నలిగిన చుట్లు లోపలినుంచి సరిపడతాయి. అన్ని ఊళ్లలో ఉండదు గాని, పెద్ద పట్టణాల్లో పనిముట్ల దుకాణాల్లో అడిగి చూడవచ్చు.

పని అయిందో లేదో తెలుసుకునే పరీక్ష సులభం. కొత్త సెన్సర్‌ను వేళ్లతో తిప్పండి. వాషరు ఆనుకునేదాకా వేళ్లతోనే పోవాలి. మధ్యలో ఆగినా, పక్కకు వాలినా పానా ముట్టుకోవద్దు, వెనక్కి తీసి మళ్లీ చూడాలి.

పెద్ద గాయమైతే రెండో దారి. పాడైన మరను పూర్తిగా కోసేసి, రంధ్రాన్ని పెద్దదిచేసి, దానిలో పెద్ద మర కోసి, బయట పెద్ద మర, లోపల మన 18 ఇంటూ ఒకటిన్నర మర ఉన్న ఉక్కు బుష్షును బిగిస్తారు. తీగచుట్టు రూపంలో ఉండే బుష్షులూ ఉన్నాయి, గట్టి గొట్టంలాంటివీ ఉన్నాయి. పొగగొట్టం వేడికి గట్టివే మేలని నా అభిప్రాయం. తీగచుట్టు రకం తర్వాత సెన్సర్ విప్పినప్పుడు దానితోపాటే ఊడివచ్చే భయం ఉంది. ఈ దారి పోత ఇనుముతో చేసిన మానిఫోల్డ్‌కు బాగా కుదురుతుంది, అక్కడ లోహం దళసరిగా ఉంటుంది. పలచని ఉక్కు గొట్టానికి అతికించిన చిన్న నట్టులో అయితే రంధ్రం పెద్దది చేశాక చుట్టూ మిగిలే గోడ సన్నబడిపోతుంది. అలాంటిచోట బుష్షు వేయమని నేను చెప్పను. ఇంకొకటి చూడాలి. బుష్షు పైకి పొడుచుకు వస్తే సెన్సర్ అంతమేర పైకి లేస్తుంది, దాని మొన పొగ దారికి దూరమవుతుంది. బుష్షు పై అంచు పాత నట్టు పై అంచుతో సమంగా ఉండాలి. దాన్ని నిలపడానికి జిగురు పోయడం దండగ, మర జిగుర్లు ఈ వేడికి నిలవవు.

మూడో దారి కొత్త నట్టు అతికించడం. పలచని గొట్టాలకు ఇదే ఖాయమైన బాగుచేత. హోసూరులాంటి పారిశ్రామిక పట్టణంలో ఏ లేతు షాపుకు వెళ్లినా, కొత్త సెన్సర్‌ను ముందు పెడితే దానికి సరిపడే నట్టును గంటలో కోసి ఇస్తారు. రంధ్రం పదహారున్నర మిల్లీమీటర్లు వేసి, 18 ఇంటూ ఒకటిన్నర మర కోయమనాలి. తయారైన నట్లు కూడా దొరుకుతాయి. గొట్టం స్టెయిన్‌లెస్ అయితే నట్టూ స్టెయిన్‌లెస్‌దే ఉండాలి, మామూలు ఇనుము అక్కడ ముందుగా తుప్పుపడుతుంది. గొట్టాన్ని బండి నుంచి విప్పి బల్ల మీద పెట్టి చేయడం అన్నిటికంటే మంచిది. పాత నట్టును కోసేసి, అదే చోట, అదే వాలులో కొత్తదాన్ని నిలపాలి. సెన్సర్ మొన కిందికీ తీగల తల పైకీ ఉండేలా, అడ్డంగా గీసిన గీతకు కనీసం పది డిగ్రీలైనా పైకి వాలి ఉండాలి. లేకపోతే పొద్దున చల్లని ఇంజను మొదలుపెట్టినప్పుడు గొట్టంలో చేరే నీటిచుక్కలు సెన్సర్‌లో నిలిచి, వేడెక్కిన పింగాణీని పగలగొడతాయి.

వెల్డింగ్ ఆర్గాన్‌తో చేయించుకోండి. వేడి అదుపులో ఉంటుంది, గొట్టం లోపల గడ్డలు కట్టదు. మామూలు ఉక్కునూ స్టెయిన్‌లెస్‌నూ కలపవలసి వస్తే 309 రకం కడ్డీ వాడమని చెప్పండి, ఆ పని తెలిసినవారికి ఈ అంకె చాలు. వేడికి నట్టు వంకరపోతే మళ్లీ మొదటికి వస్తుంది. అందుకని నట్టులో పాత, చచ్చిన సెన్సర్‌నో, అదే మర ఉన్న బోల్టునో బిగించి పెట్టి వెల్డింగ్ చేయాలి. కొత్త సెన్సర్‌ను మాత్రం ఎన్నడూ పెట్టవద్దు. ముందు ఎదురెదురుగా నాలుగు చుక్కలు వేసి, చల్లారనిచ్చి, ఆ తర్వాత కొంచెం కొంచెంగా చుట్టూ పూర్తిచేయాలి. చల్లారాక ట్యాప్‌ను ఒక్కసారి దింపి తీస్తే మర శుభ్రపడుతుంది. గొట్టం బండి మీదే ఉంచి చేయక తప్పకపోతే బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, వెల్డింగ్ ఎర్తు క్లాంపును అతికించే చోటికి వీలైనంత దగ్గరగా పట్టించాలి. ఆ కరెంటు కంప్యూటర్‌లోంచి దారి వెతుక్కుంటే నష్టం సెన్సర్‌తో ఆగదు.

పోత ఇనుప మానిఫోల్డ్‌కు వెల్డింగ్ అంత సులువు కాదు. ముందు మొత్తం వేడిచేసి, నికెల్ కడ్డీతో అతికి, మెల్లగా చల్లార్చకపోతే పక్కనే చిటిలిపోతుంది. ఆ విద్య తెలిసినవారు చేయగలరు, కాని బుష్షు కుదిరే చోట నేను ఆ సాహసం చేయించను. అదీ కుదరకపోతే పాత బండి నుంచి తీసిన మంచి మానిఫోల్డ్ దొరుకుతుందేమో వెతకడం తక్కువ ఖర్చు.

ఈ మూడింటినీ తప్పించుకోవడానికి చాలా చిట్కాలు వాడుకలో ఉన్నాయి. రెండు ముద్దలు కలిపి రాసే ఎపాక్సీ జిగురు ఒకటి. ఇంజనుకు దగ్గరి గొట్టంలో వేడి ఆరేడు వందల డిగ్రీలు దాటుతుంది, ముద్ద మాడి రాలిపోతుంది. కుళాయిలకు చుట్టే తెల్ల టేపు ఇంకొకటి. కొన్ని సెన్సర్లు తమ శరీరం ద్వారానే ఎర్తు తీసుకుంటాయి, టేపు ఆ దారిని మూసేస్తుంది. పైగా కాలిపోతుంది. సిలికాన్ గమ్ మరీ చెడ్డది, దానినుంచి లేచే ఆవిరి పింగాణీ మొనకు విషంలా పట్టి సెన్సర్‌ను చంపేస్తుంది. ఒకప్పుడు పెట్రోలులోని సీసం చేసిన పని ఇదే. మన దేశంలో 2000 ఫిబ్రవరి ఒకటి నుంచి అంతటా సీసం లేని పెట్రోలునే అమ్ముతున్నారు. సెన్సర్‌నే నేరుగా గొట్టానికి వెల్డింగ్ చేసేవారూ ఉన్నారు. ఆ వేడికి దాని లోపలి పింగాణీ నిలవడం అరుదు, నిలిచినా తర్వాత దాన్ని మార్చే దారి ఉండదు. రంధ్రాన్ని బోల్టుతో మూసి సెన్సర్‌ను వేలాడగడితే కంప్యూటర్ గుడ్డి లెక్కతో పెట్రోలు పోస్తుంది, ఇంజను దీపం వెలుగుతూనే ఉంటుంది, పొల్యూషన్ పరీక్షలో కూడా దొరకవచ్చు.

ఇదంతా కార్ల సంగతే అని మోటారు సైకిలువాళ్లు ఊరుకోనక్కరలేదు. 2020 ఏప్రిల్ ఒకటి నుంచి భారత్ స్టేజ్ ఆరు నిబంధనలు దేశమంతటా అమలులోకి వచ్చాక కార్బురేటర్ స్థానంలో ఇంజెక్షన్ వచ్చి, కొత్త స్కూటర్లకూ మోటారు సైకిళ్లకూ కూడా ఈ సెన్సర్ వచ్చింది. రాయగడ కొండదారుల్లో తిరిగే బండికీ ఉంది. వాటి మర ఇంకా సన్నది, 12 మిల్లీమీటర్లు గాని అంతకన్నా తక్కువగాని. కారుకు పెట్టే బలం దానిమీద పెడితే మొదటి రోజే మర పోతుంది.

కొత్త సెన్సర్ బిగించే ముందు నట్టు పై అంచును శుభ్రంగా తుడవాలి. పొగను ఆపేది మర కాదు, సెన్సర్ కింద ఉండే వాషరు ఆ అంచు మీద ఒత్తుకుని ఆపుతుంది. అంచు మీద గీతలుంటే మర ఎంత బాగున్నా కారుతుంది. కొత్త సెన్సర్ మరకు సాధారణంగా కంపెనీయే ఒక బూడిదరంగు లేహ్యం రాసి పంపుతుంది. అది మళ్లీ పట్టుకుపోకుండా కాపాడుతుంది. లేకపోతే ఆక్సిజన్ సెన్సర్లకు పనికివచ్చే రకమని డబ్బా మీద రాసి ఉన్నదే కొని, మర మీద మాత్రమే పలచగా రాయండి. మొనకు ఒక్క చుక్క అంటినా చెరుపే. తీగలు మెలిపడకుండా చూసి వేళ్లతో పూర్తిగా బిగించి, చివర పానా వేయాలి. ఎంత బలం అన్నది మీ బండి పుస్తకంలో ఉంటుంది. 18 మిల్లీమీటర్ల మరకు చాలా బళ్లలో 40 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూగా చెబుతారు. జానెడు పొడవున్న పానా చివర ఇరవై కిలోల బరువు వేలాడదీసినంత బలమది. పైపు తగిలించి పానా పొడవు పెంచి మరీ బిగించే అలవాటు చాలామందికి ఉంది. బాగుచేసిన మర మీద మాత్రం ఆ పని చేయనివ్వకండి.

ఆఖరున కారుతోందో లేదో చూడాలి. తలుపులు తీసి ఉన్న ఆరుబయట, ఇంజను ఇంకా చల్లగా ఉండగానే స్టార్టు చేసి, నట్టు చుట్టూ సబ్బు నీళ్లు బ్రష్షుతో రాయండి. మరొకరు వెనక సైలెన్సరు నోటిని మందపాటి గుడ్డతో ఒకటి రెండు క్షణాలు అదిమితే లోపలి ఒత్తిడి పెరుగుతుంది. బుడగలు లేస్తే అక్కడ సందు ఉంది. గొట్టం వేడెక్కాక నీళ్లు పోయకూడదు, పింగాణీ పగులుతుంది. బుడగలు లేకపోతే మెకానిక్ దగ్గరి స్కానర్‌తో పాత తప్పుల సంఖ్యలను చెరిపించి, యాభై, వంద కిలోమీటర్లు తిరిగి మళ్లీ చూపించండి. కన్వర్టర్‌కు ముందున్న సెన్సర్ దగ్గర సందు మిగిలి ఉంటే సాధారణంగా పి 0171 అన్న సంఖ్య వస్తుంది, పెట్రోలు చాలడం లేదని దాని అర్థం. కన్వర్టర్ వెనక సెన్సర్ దగ్గర సందు ఉంటే పి 0420 రావచ్చు, కన్వర్టర్ పనిచేయడం లేదని దాని అర్థం. ఆ రెండో సంఖ్య చూసి ఎవరైనా కన్వర్టర్ మార్చాలంటే, ముందు సబ్బు నీళ్లు తెప్పించి ఆ నట్టు చుట్టూ మరొక్కసారి రాయించండి.